జామీను సంతకం పెట్టేముందు, పెట్టాక: తరచుగా అడిగే ప్రశ్నలు

బావమరిది ట్రాక్టర్ లోనుకో, తోటి టీచరు చీటీకో, స్నేహితుడి పర్సనల్ లోనుకో జామీను ఉండమని అడిగితే మన దగ్గర కాదనడం కష్టం. సంతకం నిమిషంలో అయిపోతుంది, దాని బరువు మాత్రం లోను తీరేదాకా ఉంటుంది. జామీనుదారుకు చట్టం హక్కులు కూడా ఇచ్చింది. కానీ కాగితాలు దగ్గర పెట్టుకున్నవారికి, గడువులు తెలిసినవారికి మాత్రమే అవి అక్కరకొస్తాయి. సంతకం పెట్టబోయేవారికీ, ఇప్పటికే నోటీసు అందుకున్నవారికీ అవసరమయ్యే విషయాలు ఇక్కడ ఇస్తున్నాం. వేరే చెప్పిన చోట తప్ప ఇదంతా భారతీయ చట్టం ప్రకారమే.

జామీను ఉండటమంటే చట్టం దృష్టిలో ఏమిటి?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 126 ప్రకారం, అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే నేను కడతానని అప్పిచ్చినవాడికి మీరిచ్చే మాటే హామీ ఒప్పందం. ఇందులో ముగ్గురుంటారు: అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, జామీనుదారు. "మనిషి మంచివాడని చెప్పడానికే, ఊరికే ఫార్మాలిటీ" అని బ్రాంచిలో ఎవరైనా అన్నా నమ్మొద్దు. మంచివాడని చెప్పడానికైతే రిఫరెన్సు పేరు చాలు, దానికి హామీ పత్రం అక్కర్లేదు.

అసలు మనిషిని వదిలేసి నేరుగా నా మీదికి రావచ్చా?

రావచ్చు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతని ఆస్తి అమ్మించి, మిగిలిందే జామీనుదారును అడగాలని బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో కింది కోర్టు షరతు పెట్టింది. 1968లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. జామీను తీసుకునేదే అతను కట్టనప్పుడు వెంటనే వసూలు చేసుకోవడానికి అయినప్పుడు, ముందు అతని వెంట పడమంటే జామీనుకు విలువేముందన్నది ఆ తీర్పు సారం. అందుకే "వాడికి రెండిళ్లున్నాయి, ముందు అవి అమ్ముకోండి" అన్న వాదన కోర్టులో నిలబడదు.

నాకు ఒక్క రూపాయి ముట్టలేదు కదా? రాతకోతలే లేకపోతే?

మీకు ముట్టనక్కర్లేదు. అప్పు తీసుకున్నవాడికి లాభం జరిగితే చాలని సెక్షన్ 127 చెబుతోంది. హామీ నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుందని సెక్షన్ 126లోనే ఉంది. రుజువు చేయడం కష్టమే అయినా, ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్న ఈ రోజుల్లో పదిమందిలో "వాడు కట్టకపోతే నేను కడతా" అనడం తేలికగా తీసుకునే విషయం కాదు.

సాక్షి సంతకం, జామీను సంతకం, కో-అప్లికెంట్ సంతకం: తేడా ఏమిటి?

సాక్షి తన ఎదుట సంతకం జరిగిందని మాత్రమే చెబుతాడు, బాకీతో అతనికి సంబంధం లేదు. జామీనుదారు అవతలివాడు ఎగవేస్తే కడతాడు. కో-అప్లికెంట్ మొదటి కిస్తీ నుంచే అప్పుదారు.

ప్రామిసరీ నోటు దగ్గర జాగ్రత్త మరీ అవసరం. "సాక్షులు" అన్న మాట కింద కాకుండా, రెవెన్యూ స్టాంపు పక్కన అప్పు తీసుకున్నవాడి సంతకం కిందే మీ సంతకం పెట్టించుకుంటే, నోటు రాసిచ్చినవారిలో మీరూ ఒకరవుతారు. సాక్షిగా పెడుతుంటే సంతకం ముందు "సాక్షి" అని మీ చేత్తోనే రాయండి, తేదీ వేయండి.

ఎంత మొత్తానికి బాధ్యుణ్ని? 5 లక్షల లోనంటే 5 లక్షలేనా?

హామీ పత్రంలో పరిమితి రాయకపోతే అసలు, వడ్డీ, జరిమానా చార్జీలు, కోర్టు ఖర్చులు అన్నీ మీ మీదికొస్తాయి. 5 లక్షలు 12 శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 11,122 రూపాయలు, మొత్తం చెల్లింపు 6.67 లక్షలు. ఏడాది కట్టి ఆపేస్తే అప్పటికి అసలే 4.22 లక్షలు మిగిలి ఉంటుంది. ఆ రోజు నుంచి నడిచే వడ్డీ అదనం.

"నా బాధ్యత అన్నీ కలిపి ఇన్ని లక్షలకు మించదు" అని హామీ పత్రంలో రాయించుకోవచ్చు. అడిగితే ఒప్పుకునే సంస్థలున్నాయి. అడిగేవాళ్లే అరుదు.

సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

మొదట మీ సంగతి చూసుకోండి. ఈ లోను మొత్తం మీరే కట్టాల్సి వస్తే మీ ఇంటి ఖర్చులు, మీ కిస్తీలు నడుస్తాయా? నడవవంటే, అడిగినవాడు ఎంత దగ్గరివాడైనా వద్దనడమే మంచిది. ఇప్పుడు వద్దంటే కొన్నాళ్లు మాటలుండవేమో. తర్వాత కట్టలేకపోతే రెండిళ్లూ నష్టపోతాయి.

తర్వాత అప్పు తీసుకునే మనిషి సంగతి. క్రెడిట్ రిపోర్టు అతని ఫోన్లోనే తీసి చూపించమనండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే క్రెడిట్ సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి ఖర్చవుతుందన్న సాకు లేదు. స్కోరు ఒక్కటే చూడొద్దు. ఎన్ని లోన్లు నడుస్తున్నాయి, గత ఏడాదిలో ఎన్ని కొత్తవి తీసుకున్నాడు, ఎన్ని కిస్తీలు ఆలస్యమయ్యాయి అన్నవి అందులోనే ఉంటాయి. ఆరు నెలల్లో నాలుగు యాప్ లోన్లు కనిపిస్తే, ఈ కొత్త లోను పాతవాటిని పూడ్చడానికేనని అనుకోవాలి.

ఇక కాగితాలు. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లన్నింటికీ, చిన్న పరిశ్రమల లోన్లకూ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ రేటు అందులో ఉంటుంది. దాన్నీ, శాంక్షన్ లెటర్‌నూ చదవండి. హామీ పత్రంలో మొత్తం, వడ్డీ రేటు, తేదీ గళ్లు ఖాళీగా ఉంటే అవి నింపేదాకా సంతకం పెట్టొద్దు. ఖాళీ ఫారానికి ఇంటూ గుర్తులు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని చూపించడం మామూలైపోయింది. మామూలైనంత మాత్రాన సరైనదైపోదు. ప్రతి పేజీ ఫోటో తీసుకోండి, కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

"ఇది కొనసాగే హామీ" అన్న వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే, ఈ ఒక్క లోనుకే కాకుండా క్యాష్ క్రెడిట్, ఓవర్‌డ్రాఫ్టుల్లా మళ్లీ మళ్లీ వాడుకునే మొత్తానికీ మీరు బాధ్యులే. లోనుకు బీమా తీసుకున్నారో లేదో అడగండి. అప్పుదారు చనిపోతే మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. చివరగా, కిస్తీ తప్పినప్పుడల్లా మీ నంబరుకు కూడా మెసేజ్ పంపమని బ్రాంచికి ఒక లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

జామీనుకు తోడు సంతకం చేసిన ఖాళీ చెక్కులు అడుగుతున్నారు. ఇవ్వాలా?

ఇవ్వకుండా ఉండేందుకే ప్రయత్నించండి. జామీనుదారు ఇచ్చిన చెక్కు బౌన్సైనా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేయవచ్చని ఐసీడీఎస్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సంతకం మీదై, మిగతాది వేరేవాళ్లు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారన్న ఊహ మీకు వ్యతిరేకంగానే మొదలవుతుందని 2019లో బీర్ సింగ్ కేసులో తేల్చింది. ఈ నేరానికి శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. సివిల్ బాకీగా ఉండాల్సింది క్రిమినల్ కేసుగా మారుతుంది.

ఇవ్వక తప్పకపోతే చెక్కు మీద మొత్తం, పేరు రాసి, క్రాస్ చేసి, ఏ లోనుకు, ఏ నంబరు చెక్కు ఇచ్చారో రాసిన లేఖ మీద రసీదు తీసుకోండి. బౌన్స్ నోటీసు వస్తే అందిన రోజు నుంచి కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆ 15 రోజులూ చాలా విలువైనవి.

చీటీ పాడినవాడికి ష్యూరిటీ ఉన్నాను. బ్యాంకు లోనుతో ఇది సమానమేనా?

బాధ్యత సమానమే, దారి వేరు. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగులు, టీచర్లు, ఆర్టీసీ, సింగరేణి ఉద్యోగులు ఎక్కువగా చిక్కుకునేది చీటీ ష్యూరిటీల్లోనే. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

చిట్ ఫండ్స్ చట్టం 1982, సెక్షన్ 31 ప్రకారం చీటీ పాడినవాడు మిగతా నెలల చందాలకు తగిన సెక్యూరిటీ చూపించాలి. ఆ సెక్యూరిటీయే మీరు. 10 లక్షల చీటీ, 50 నెలలు, నెలకు 20,000 అనుకుందాం. మీ స్నేహితుడు 8వ నెలలో పాడితే ఇంకా 42 చందాలుంటాయి, అంటే 8,40,000 రూపాయలు. అతని చేతికొచ్చింది ఏడు లక్షలే అయినా మీ బాధ్యత ఈ 8.4 లక్షలకు. సక్రమంగా కట్టేవారికి వచ్చే డివిడెండ్ ఎగవేసినవాడికి రాదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది కాబట్టి పూర్తి చందా లెక్కే కట్టుకోండి. అదే 40వ నెలలో పాడినవాడికి ష్యూరిటీ ఉంటే మిగిలేది 10 చందాలు, 2 లక్షలు. చీటీ విలువ కాదు, ఎన్నో నెలలో పాడాడన్నదే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

పాడినవాడు చందా ఎగవేస్తే, రాతపూర్వక నోటీసు ఇచ్చి, మిగతా నెలలన్నింటి చందా ఒకేసారి కట్టమని అడిగే హక్కు సెక్షన్లు 32, 33 కింద ఫోర్‌మన్‌కు (చీటీ నడిపేవాడికి) ఉంది. నెల కిస్తీ అనుకున్నది ఒక్కసారిగా లక్షలవుతుంది. ఆ వివాదం సివిల్ కోర్టుకు కాదు, సెక్షన్ 64 కింద చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తుంది. అక్కడి నోటీసును "కోర్టు నుంచి కాదుగా" అని పక్కన పడేయడం పెద్ద పొరపాటు. మీరు వెళ్లకపోయినా అవార్డు (తీర్పు) వస్తుంది, దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేసి జీతం జప్తు చేయించవచ్చు. అవార్డు మీద రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవడానికి రెండు నెలలే గడువు.

హాజరైనప్పుడు అడగాల్సినవి: చందాదారు ఖాతా లెడ్జరు, ఏ తేదీన ఎన్ని వాయిదాలు కట్టాడు, తోటి ష్యూరిటీలందరినీ పార్టీలుగా చేర్చారా లేదా. కొన్నిసార్లు ప్రభుత్వోద్యోగిని ఒక్కరినే పట్టుకుంటారు, జీతం నుంచి వసూలు తేలిక కాబట్టి. మిగతావారిని చేర్చమని అక్కడే అర్జీ పెట్టండి. రిజిస్టర్ కాని చీటీకి ష్యూరిటీ ఉండమంటే వెంటనే వద్దనండి. ఆ చీటీయే చట్టవిరుద్ధం.

నా సిబిల్ స్కోరు మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. లోను మీ రిపోర్టులో "గ్యారంటర్" హోదాతో కనిపిస్తుంది. అవతలివాడి కిస్తీ ఆలస్యమైతే ఆ మచ్చ మీ రిపోర్టులోనూ పడుతుంది. 2025 జనవరి నుంచి సంస్థలు పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి త్వరగానే పడుతుంది. ఒక్క కిస్తీ తప్పకపోయినా, మీరు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు ఈ హామీని మీ భారంగా లెక్కవేసి అర్హత తగ్గించే బ్యాంకులున్నాయి.

తప్పుగా నమోదైతే క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్లో డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.

కిస్తీలు ఆగిపోయాయి. ఇక ఏ క్రమంలో ఏం జరుగుతుంది?

90 రోజులు దాటితే లోను ఎన్పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ మూడు నెలలే మీకు అసలైన అవకాశం. ఈలోపు బకాయి రెండు మూడు కిస్తీలే ఉంటుంది, బ్యాంకు కూడా గడువు మార్చడం, కిస్తీ తగ్గించడం గురించి మాట్లాడటానికి సిద్ధంగా ఉంటుంది.

ఆ తర్వాత డిమాండ్ నోటీసు వస్తుంది. తనఖా ఆస్తి ఉన్న లోనైతే, కోర్టుకు వెళ్లకుండానే ఆ ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకిచ్చే సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద 60 రోజుల నోటీసు ఇస్తారు. ఈ చట్టంలో "అప్పుదారు" అన్న నిర్వచనంలోకే జామీనుదారు కూడా వస్తాడు, కాబట్టి మీరు తనఖా పెట్టిన ఇంటికీ అదే నోటీసు. అభ్యంతరాలు రాసి పంపితే బ్యాంకు 15 రోజుల్లో సమాధానమివ్వాలి. ఆస్తి స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోగా డీఆర్‌టీలో (రుణ వసూలు ట్రిబ్యునల్‌లో) దరఖాస్తు వేయాలి. మనకు హైదరాబాద్, విశాఖపట్నంలో ఆ ట్రిబ్యునళ్లున్నాయి. 20 లక్షలు, ఆపై బాకీలకు బ్యాంకు నేరుగా డీఆర్‌టీకి వెళ్తుంది, అంతకన్నా తక్కువైతే సివిల్ కోర్టుకు.

ఏ నోటీసు వచ్చినా రెండు పనులు అదే వారంలో చేయాలి: కవరు మీది తేదీతో సహా భద్రపరచడం, లోను స్టేట్‌మెంట్ కావాలని రాతపూర్వకంగా అడగడం. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే ఒరిగేదేమీ ఉండదు. చట్టం దృష్టిలో అది అందినట్టే లెక్కిస్తారు.

జీతం, పీఎఫ్, ఇల్లు, పొలం: వేటిని జప్తు చేయవచ్చు?

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో లెక్క స్పష్టంగా ఉంది. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మినహాయింపున్న అలవెన్సులు తీసేశాక జీతం 46,000 అనుకుంటే, వెయ్యి పోను 45,000లో మూడో వంతు, అంటే నెలకు 15,000 జప్తు చేయవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలల జప్తు పూర్తయితే ఆ డిక్రీకి మీ జీతం నుంచి ఇక తీయకూడదు. 24 నెలలు దాటినా కోతలు ఆగకపోతే మీ జీతం బిల్లు చేసే డ్రాయింగ్ ఆఫీసరుకు, కోర్టుకు మెమో పెట్టి ఆపించుకోవాలి.

ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వ పెన్షన్ జప్తుకు రావు. వ్యవసాయదారుడు నివసించే ఇల్లు కూడా, ప్రత్యేకంగా తనఖా పెట్టకపోతే, మినహాయింపులోనే ఉంది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. అయితే డిక్రీ వచ్చాక కోర్టు ద్వారా పొలం జప్తు చేయించే దారి బ్యాంకుకు ఉంటుంది.

అదే బ్యాంకులో మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దానిమీద లీన్ పెట్టే (బాకీ కింద ఆపి ఉంచే) అధికారం హామీ పత్రంలోనే రాసుకుని ఉంటారు. జామీను ఉన్న బ్యాంకులోనే జీవితమంతా దాచుకున్న డబ్బు ఉంచకపోవడం మంచిది.

నోటీసు వచ్చింది. ఆస్తి పిల్లల పేరున గిఫ్ట్ రాసేయవచ్చా?

అప్పులవారిని ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని రద్దు చేయించే హక్కు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 ఇస్తుంది. స్టాంపు ఖర్చు దండగ, పిల్లలు కూడా కేసులో పార్టీలవుతారు. ఆ డబ్బుతో రాజీకి వెళ్లడం ఎంతో మేలు.

అప్పిచ్చినవాడు ఏం చేస్తే నా బాధ్యత తప్పుతుంది, లేదా తగ్గుతుంది?

మీకు నిజంగా అక్కరకొచ్చే హక్కులివి.

మిమ్మల్ని అడక్కుండా లోను షరతులు మారిస్తే, ఆ మార్పు తర్వాతి లావాదేవీలకు మీ బాధ్యత పోతుంది (కాంట్రాక్టు చట్టం సెక్షన్ 133). ఉదాహరణకు, 10 లక్షల క్యాష్ క్రెడిట్‌కు మీరు సంతకం పెడితే, దాన్ని 18 లక్షలకు పెంచిన కాగితాల మీద మీ సంతకం లేకపోవడం. అప్పుదారును బాకీ నుంచి విడుదల చేస్తే మీరూ విడుదలవుతారు (134). మీ సమ్మతి లేకుండా అతనితో రాజీపడినా, గడువిస్తామని లేదా దావా వేయబోమని ఒప్పందం చేసుకున్నా అంతే (135). ఊరికే ఆలస్యం చేయడం మాత్రం దీనికిందికి రాదు (137).

సెక్షన్ 141 వాహన లోన్లలో బాగా పనిచేస్తుంది. జామీనుదారు సంతకం పెట్టేనాటికి అప్పిచ్చినవాడి దగ్గరున్న సెక్యూరిటీని అతను పోగొట్టినా, మీ సమ్మతి లేకుండా వదిలేసినా, దాని విలువ మేరకు మీ బాధ్యత తగ్గుతుంది. ట్రాక్టర్ ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీసేయడానికి బ్యాంకే ముందుగా ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇచ్చి, అప్పుదారు ట్రాక్టర్‌ను అమ్ముకున్నాడనుకోండి. ఆ ట్రాక్టర్ విలువ మీ లెక్కలోంచి తగ్గాలని వాదించవచ్చు. ఆర్సీ వివరాలు పరివాహన్ పోర్టల్‌లో చూసి ముద్రించుకోండి. అసలు విషయం దాచిపెట్టి, లేదా అబద్ధం చెప్పి అప్పిచ్చినవాడు మీ హామీ తీసుకుంటే అది చెల్లదు (142, 143). అప్పు తీసుకున్నవాడు ఒక్కడే మీకు అబద్ధం చెబితే ఈ సెక్షన్లు మిమ్మల్ని కాపాడవు.

ఇక చేదు విషయం. బ్యాంకుల అచ్చు ఫారాల్లో "133, 134, 135, 139, 141 సెక్షన్ల కింది హక్కులు వదులుకుంటున్నాను" అన్న పేరా ఉంటుంది. 130 కింది హక్కును అలా వదులుకోవడం చెల్లుతుందని 2008లో సీతారామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాదన మొదలుపెట్టేముందు మీ పత్రంలో ఆ పేరా ఉందో లేదో లాయరుకు చూపించండి.

మధ్యలో జామీను నుంచి తప్పుకోవచ్చా?

ఇప్పటికే ఇచ్చేసిన టర్మ్ లోను నుంచి ఒక్క లేఖతో తప్పుకోలేరు. కొనసాగే హామీ అయితే, నోటీసు ఇచ్చి ఇకముందు జరిగే లావాదేవీల వరకు రద్దు చేసుకోవచ్చు (సెక్షన్ 130). పత్రంలో ఆ హక్కు వదులుకోకుండా ఉంటేనే సుమా.

ఆచరణలో ఉన్న దారులు మూడు: మీ స్థానంలో మరో జామీనుదారును బ్యాంకు అంగీకరించడం, అప్పుదారు బంగారమో డిపాజిట్టో సెక్యూరిటీగా చూపించడం, వేరే బ్యాంకుకు లోను మార్చుకోవడం. ఏది జరిగినా "ఫలానా తేదీ నుంచి వీరి హామీ విడుదల చేశాం" అన్న లేఖ చేతికి వచ్చేదాకా మీరు జామీనుదారే.

అప్పు తీసుకున్నవాడు చనిపోతే? నేను చనిపోతే?

అతను చనిపోయినా మీ బాధ్యత పోదు. అతని వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. బీమా ఉంటే క్లెయిమ్ వేయమని ఆ కుటుంబానికి మొదటి నెలలోనే గుర్తుచేయండి. దుఃఖంలో ఉన్నవారిని అడగడం ఇబ్బందే, కానీ ఆ క్లెయిమ్ వారికీ మేలే. మీరు చనిపోతే మీ వారసులు మీ నుంచి వచ్చిన ఆస్తి మేరకు బాధ్యులు, వారి సొంత సంపాదనకు సంబంధం లేదు.

పాత లోను. ఏళ్ల తర్వాత నోటీసొచ్చింది. కాలదోషం పట్టలేదా?

మామూలు బాకీకి మూడేళ్లు, తనఖా ఆస్తి నుంచి వసూలుకు 12 ఏళ్లు. అయితే "అడిగినప్పుడు చెల్లిస్తాను" అన్న హామీకి మూడేళ్ల లెక్క బ్యాంకు మిమ్మల్ని అడిగిన రోజు నుంచి మొదలవుతుందని 2006లో సిండికేట్ బ్యాంక్ కేసులో తేలింది. బాకీ ఒప్పుకుంటున్నట్టు రాసున్న కాగితం మీద మూడేళ్లకోసారి సంతకం అడిగేది ఈ లెక్క పొడిగించుకోవడానికే. చదవకుండా పెట్టొద్దు.

ముగ్గురం జామీనుదారులం. నన్నొక్కణ్నే పట్టుకున్నారు.

బ్యాంకు అలా చేయవచ్చు. కానీ మీలో మీకు సమాన వాటా (సెక్షన్ 146). 6 లక్షల బాకీ మీరొక్కరే కడితే మిగతా ఇద్దరి నుంచి చెరో 2 లక్షలు రాబట్టుకోవచ్చు. మీ వాటాకు మించి కట్టిన రోజు నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. బ్యాంకు ఒకరిని విడుదల చేసినా మిగతావారి పట్ల అతని వాటా బాధ్యత పోదు (138).

నేనే కట్టేశాను. డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

కట్టేటప్పుడే సగం పని జరగాలి. అప్పుదారు చేతికి నగదు ఇవ్వొద్దు. మీ ఖాతా నుంచి నేరుగా లోను ఖాతాకు పంపి, "జామీనుదారుగా చెల్లింపు" అని రాయండి, బ్యాంకు నుంచి రసీదు తీసుకోండి. పూర్తిగా తీర్చాక అప్పిచ్చినవాడి హక్కులన్నీ మీకు వస్తాయి (140), అతని దగ్గరున్న సెక్యూరిటీతో సహా (141). ఆ కాగితాలు అప్పుదారుకు తిరిగి ఇవ్వవద్దని కట్టేముందే లేఖ ఇవ్వండి.

హామీ మేరకు న్యాయంగా చెల్లించినదంతా అప్పుదారు మీకు ఇవ్వాలని సెక్షన్ 145 చెబుతోంది. ముందు లాయరు నోటీసు, స్పందన లేకపోతే సివిల్ దావా. చెల్లించిన రోజు నుంచి మూడేళ్లే గడువు. "చుట్టరికం, వాడే ఇస్తాడులే" అని ఆగినవారికి ఈ మూడేళ్లు తెలియకుండానే గడిచిపోతాయి. కోర్టు ఇష్టం లేకపోతే, అతని చేత ఎప్పటికి ఎంత ఇస్తాడో రాసిన ప్రామిసరీ నోటు రాయించుకోండి.

బ్యాంకు రాజీకి రమ్మంటోంది. వెళ్లాలా?

లోక్ అదాలత్‌లో ఫీజు ఉండదు, అవార్డు మీద అప్పీలూ ఉండదు. రాజీపత్రంలో మీ పేరు రాసి "జామీనుదారుపై ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉండాలి. ఒకటి గుర్తుంచుకోండి: తగ్గించి కట్టిన బాకీ క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు. కొన్నేళ్లలో ఇంటి లోను అవసరమయ్యేవారు ఆ తేడా బేరీజు వేసుకోవాలి.

పిల్లల చదువు లోనుకు మూడో మనిషి జామీను తప్పనిసరా?

బ్యాంకుల సంఘం నమూనా పథకంలో 4 లక్షల దాకా తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలైతే చాలు, 4 నుంచి 7.5 లక్షల మధ్య మూడో వ్యక్తి హామీ, ఆపైన ఆస్తి సెక్యూరిటీ. కేంద్ర క్రెడిట్ గ్యారంటీ కిందికి వచ్చే 7.5 లక్షల లోపు లోన్లకు మూడో వ్యక్తి హామీ అడగకూడదు. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, జామీను రెండూ అక్కర్లేదు. పొరుగింటి టీచరును బతిమాలేముందు ఇవి అడిగి చూడండి.

అమెరికాలో ఉన్న బంధువును అక్కడి లోనుకు కోసైనర్‌గా (తోడు సంతకందారుగా) ఉండమని అడిగేవారూ చాలామంది. అక్కడి ఫెడరల్ నిబంధన ప్రకారం సంతకానికి ముందు కోసైనర్‌కు ప్రత్యేక హెచ్చరిక కాగితం ఇవ్వాలి. అప్పుదారును ముందు అడక్కుండానే మీ దగ్గర వసూలు చేయవచ్చని అందులో రాసి ఉంటుంది. 2018 నవంబరు తర్వాత ఇచ్చిన ప్రైవేటు విద్యారుణాల్లో విద్యార్థి మరణిస్తే కోసైనర్ విడుదలవుతారు.

రికవరీ ఏజెంట్లు ఇంటికి వచ్చి గొడవ చేస్తున్నారు.

ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. బెదిరించడం, పదిమందిలో అవమానించడం, బంధువులకు ఫోన్లు చేయడం నిషిద్ధం. కాల్ రికార్డులు, తేదీలు రాసుకుని ముందు బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో వెళ్లవచ్చు, 14448కి ఫోన్ చేసి సాయం అడగవచ్చు. చేయి చేసుకుంటే నేరుగా పోలీసు స్టేషన్‌కే.

లోను తీరిపోయింది. నేను చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. నో డ్యూస్ సర్టిఫికెట్‌లో మీ పేరుతో హామీ విడుదలైనట్టు రాయించుకోండి. ఇచ్చిన చెక్కులు నంబర్లు సరిచూసి వెనక్కి తీసుకోండి. మీ ఆస్తి తనఖా పెట్టి ఉంటే పత్రాలు 30 రోజుల్లో ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. తనఖా రిజిస్టరైతే రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించి, ఈసీ తీసి చూడండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీయండి. ఆ లోను ఎదురుగా "క్లోజ్డ్" అని లేకపోతే అదే రోజు డిస్ప్యూట్ వేయండి.